ధూర్జటి భక్తియు నాతని కావ్యకళయు

భగవద్విషయకములైన కావ్యములను జదువునప్పుడు మనవారియందు రెండు విధములైన యలవాట్లు కానవచ్చుచున్నవి. కవి పరమభక్తుఁడని వినినంతనే యాతని కృతియందలి లోపములకుఁ గన్నులు మూసికొనుట మొదటిది. కవి రాజాస్థానమున భోగపరుఁడై యుండెనని వినినంతనే యాతని భక్తిని వేషముగా నెంచి, కృతియందలి గుణములను సయితము శంకించుట రెండవది. ఈ రెండును పైకి విరుద్ధములుగాఁ దోఁచినను మూలమున నొక్కటియే. రెండింటను విమర్శకుఁడు పద్యమును విడిచి, పద్యమువెనుక నున్న మనుష్యుని వెదకుచున్నాఁడు. ఆ మనుష్యుఁడో, నాలుగైదు శతాబ్దులకు ముందే గతించినవాఁడు. వానిని బిలిచి సాక్ష్యమడుగుటకు వీలులేదు. కావున కవి స్వకీయభక్తికిని, భక్తివిషయకమైన కావ్యకళకును సంబంధ మెట్టిదని విచారింపవలసియున్నది. ఈ విచారణకు ధూర్జటికంటెఁ దగిన కవి మన వాఙ్మయమున మఱియొకఁడు లేఁడని నా యభిప్రాయము. ఏలయన, పై రెండు దోషములకును ఆతఁడొక్కఁడే గుఱియైనాఁడు.

ధూర్జటినిగూర్చి మనకు నిశ్చయముగాఁ దెలిసినది స్వల్పము. ఆతఁడు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయల యాస్థానకవులలో నొకఁడనియు, అష్టదిగ్గజములలోఁ జేరినవాఁడనియు సంప్రదాయము. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమను 4 ఆశ్వాసముల ప్రబంధమును, శ్రీకాళహస్తీశ్వర శతకమును ఆతని కృతులుగాఁ బ్రసిద్ధములు. రెండింటికిని దైవ మొక్కఁడే, క్షేత్ర మొక్కటియే. ఆ క్షేత్రము సువర్ణముఖరీతీరమున నున్నది. కృష్ణదేవరాయలు 1516లో నచ్చట నూఱుకాళ్లమంటపమును, గొప్ప గోపురమును గట్టించెను. ఆ గోపురము దాదాపు 500 సంవత్సరములు నిలిచి, 2010 మే 26న గూలిపోయినది; పిమ్మట దానికి మాఱుగాఁ గ్రొత్తది నిర్మింపఁబడినది. రాజు దేవునికి రాతితో గోపురమెత్తిన కాలమునందే, ఆ రాజు కొలువునఁ జేరినవాఁడని చెప్పఁబడు కవి యదే దేవునికి మాటలతో నొక కట్టడమును లేపెను. రాతికట్టడము గూలినది; మాటలకట్టడము నిలిచినది. అది యే బలమున నిలిచినదో చూడవలయును.

ముందుగాఁ జాటువుల ప్రమాణమును బరిశీలింతము. రాయలు సభలో ధూర్జటి పలుకుల మాధుర్యమునకుఁ గారణమేమని యడిగెననియు, తెనాలి రామకృష్ణుఁడు దానిని వారకాంతల పొత్తునకు ముడిపెట్టి పరిహాసముగా నుత్తరము చెప్పెననియు నొక కథ వాడుకలో నున్నది. ఈ కథ ననుసరించి ధూర్జటి యౌవనమున భోగలాలసుఁడనియు, వార్ధకమున విరక్తుఁడై శతకము రచించెననియు నొక చరిత్ర కల్పింపఁబడినది. ఇది వినుటకు సొంపైన చరిత్రయే. కాని దీనికి శాసనాధారము లేదు, గ్రంథాధారమును లేదు. చాటువులు సభాకవుల పేరిటఁ దరువాతివారు కట్టి ప్రచారముచేసినవి పెక్కులున్నవని విజ్ఞు లెఱుఁగుదురు. పైఁగా, మాహాత్మ్యమునందు వేశ్యాకులమునఁ బుట్టి, కులవృత్తిని రోసి, శివుని నమ్మి తరించిన కన్యల కథను ధూర్జటి మిక్కిలి యాదరముతోఁ జెప్పియున్నాఁడు. చాటువును బట్టి యాతనిని భోగియనువారు ఈ కథను మఱచుచున్నారు. అయినను, ఈ కథను బట్టి యాతఁడు విరాగియని నేనును జెప్పఁజాలను. కథ చెప్పినవాఁడు కథానాయకుఁడు గాఁడు. ఒక తప్పుడు ప్రమాణమును మఱియొక తప్పుడు ప్రమాణముతోఁ గొట్టివేయుట విమర్శ గానేరదు.

ఇఁక శతకము. ఇది కవి తన నోటఁ దానే చెప్పికొన్నది గదా, ఇంతకుమించిన సాక్ష్యమేమి కావలయునని యడుగవచ్చును. ఇందు రాజసేవయెడ నేవము, ఇంద్రియచాపల్యమునకుఁ బశ్చాత్తాపము, సంతానముపై నాశ పెట్టుకొనువారియెడ జాలితోఁ గూడిన పరిహాసము, బిక్షాన్నము, సెలయేళ్లు, కొండగుహలు ఉండఁగా రాజుల వాకిళ్లఁ గాచుట యేలయను ప్రశ్న, ఇవి యన్నియు తీవ్రమైన భాషలో నున్నవి. కాని శతకమొక కావ్యజాతి యనుట మఱవరాదు. మకుటముతో దేవుని సంబోధించుట, తన్నుఁదాను నిందించుకొనుట, రాజులను దూఱుట, కాపాడుమని వేఁడుట, ఇవి శతకకర్తలందఱకును బరంపరగా వచ్చిన సామగ్రి. "నేను పాపిని" అని యొక శతకమున నుండుటచేత నా కవి పాపియని తేలదు. అట్లే భక్తుఁడనియుఁ దేలదు. రాజులను నిందించిన పద్యములు నిజముగా రాజాస్థానమునఁ బడిన బాధ వలనఁ బుట్టినవే కావచ్చును, కాకపోవచ్చును. మఱియు ముక్తకములగుటచేఁ బద్యముల సంఖ్యయు, వరుసయు నన్ని ముద్రణములయందు నొక్కరీతిగా లేవు. అట్టి పద్యములను వరుసగాఁ బేర్చి కవి జీవితక్రమమును నిర్ణయించుట యిసుకపైఁ గోట కట్టుటయే.

అయినను శతకమున నొక పద్యము మాత్రము పరంపరాగతమైన దైన్యోక్తులలోఁ జేరునది గాదు. అందుఁ గవి సాలెపురుగును, పామును, ఏనుఁగును, చెంచును దలఁచి, వీరిలో నెవ్వరే వేదము చదివిరి, ఏ శాస్త్రము చూచిరి, ఏ విద్య నేర్చిరి, ఏ మంత్రము జపించిరి అని ప్రశ్నించి, చదువులు మోక్షకారణములు గావని తేల్చుచున్నాఁడు. సాలెపురుగు, పాము, ఏనుఁగు ఆ క్షేత్రమున కైతిహ్యము ప్రకారము పేరు తెచ్చినవి, చెంచు కన్నప్ప. పైకిఁ జూడ నిది సామాన్యమైన భక్తివాదమే. కాని చెప్పుచున్నవాఁ డెవ్వఁడు? శార్దూలవిక్రీడితమత్తేభములఁ దఱచుగా వాడి, సంస్కృతాంధ్రములయందుఁ బరిశ్రమ చేసి, విద్వత్సభలోఁ గూర్చుండఁదగిన వాఁడు. చదువు వ్యర్థమను మాటను జదువుకొన్నవానికి మాత్రమే సాధ్యమైన పద్యములోఁ జెప్పుచున్నాఁడు. చదువు లేనివాఁ డీ మాట యనినచో నది యాత్మసమర్థన మగును. చదువే జీవనముగాఁ గలవాఁ డనినచో నది తన పనిమీఁదనే వేసికొన్న ప్రశ్న యగును. నేను చేయు పని నీకు నక్కఱలేనిదైనచో నేనెందులకుఁ జేయుచున్నాను? ధూర్జటి కావ్యకళకంతకును మూలమైన ప్రశ్న యిదియే యని నాకుఁ దోఁచుచున్నది.

ఈ ప్రశ్నను మాహాత్మ్యమునందు వెదకుటకు ముందు, కృతిసమర్పణమును బ్రమాణముగాఁ గొనువారి మాటయును విచారింపవలయును. నరాంకితము గావింపనివాఁడు భక్తుఁడు, గావించినవాఁడు లౌకికుఁడు అని కొందఱి తీర్పు. దీని ప్రకారము భాగవతమును శ్రీరామున కంకితమిచ్చిన పోతన భక్తుఁడు. కాశీఖండమును వీరభద్రారెడ్డికి, భీమఖండమును బెండపూడి యన్నామాత్యునకు, హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి నిచ్చిన శ్రీనాథుఁడు లౌకికుఁడు. కాని శ్రీనాథుఁడు తన్ను శివార్చనాపరునిగాఁ జెప్పికొన్నవాఁడు. హరవిలాసమున సిరియాలుని కథను జదివి కన్ను చెమర్పనివా రరుదు. తిప్పయసెట్టి ధన మా కన్నీటి నాపలేదు. మఱి పోతన పేరిట భోగినీదండకమును గొందఱు చెప్పుచున్నారు. అది యాతనిదే యైనచో నాతని భాగవతమునకు వచ్చిన లోపమేమి? మాహాత్మ్యమును ధూర్జటి కాళహస్తీశ్వరునకే యంకిత మిచ్చెను. ఇది యాతని సంకల్పమును దెల్పును గాని, ఆతని పద్యములను బాగుచేయలేదు. అంకితము గ్రంథపు మొదటి పుటలయందుండును. కవిత్వము తక్కిన పుటలయందుండవలయును.

అట్లయినచోఁ గవి చిత్తమును గ్రహించుటకు మార్గమే లేదా? ఒక్క మార్గము కలదు. కవి పూర్వకథను గ్రహించినప్పుడు దేనిని విడిచెను, దేనిని బెంచెను, ఎచ్చట నిలిచి చూచెను అని పరిశీలించుట. పోతన గజేంద్రమోక్షణమును జూడుఁడు. సంస్కృతమూలమున హరి మొఱ విని గరుడారూఢుఁడై వచ్చును, అంతియే. వైకుంఠమున లక్ష్మితో నుండి, ఆమెకైనఁ జెప్పక, ఆమె కొంగు విడువక, ఆయుధములు ధరింపక పరువెత్తిన హరిని మనకుఁ జూపినవాఁడు పోతన. మూలమున లేనిచోట కవి నిలిచెననఁగా, ఆతని చూపు దీర్ఘకాల మచ్చట నిలిచియుండెనని యర్థము. ఇది భక్తియే యని నేను శపథము చేయను. కాని విమర్శకునకుఁ జేతికందు వస్తువిది.

ఈ మార్గమున ధూర్జటి తిన్నని కథను బరీక్షింతము. కన్నప్ప కథ యాతని సృష్టి గాదు. 12వ శతాబ్దియందు సేక్కిళారు తమిళమునఁ బెరియపురాణమున విపులముగాఁ జెప్పెను. 13వ శతాబ్దియందుఁ బాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున ద్విపదలలోఁ జెప్పెను. అడవిలో నొంటిగా నున్న దేవునిఁ జూచి కరఁగుట, మాంసము నివేదించుట, నోటి నీటితో నభిషేకించుట, కన్నుఁ బెఱికి యిచ్చుట, ఇవి ధూర్జటికి ముందే కలవు. సోమనాథునకుఁ గన్నప్ప వీరభక్తి కొక నిదర్శనము. భక్తులపంక్తిలో నొక భక్తుఁడు. ధూర్జటికో, తిన్నఁడు మొదట నొక పిల్లవాఁడు, ఎఱుకుల పల్లెలోఁ బెరిగినవాఁడు, వేఁటయే విద్యగాఁ గలవాఁడు.

తిన్నఁడు లింగమును జూచినప్పుడు ధూర్జటి చేసిన పని గమనింపఁదగినది. తిన్నఁడు స్తోత్రము చేయఁడు, పిలుచును. తన యూరికి రమ్మని, అచ్చటి తిండియెట్టిదో, అచ్చటి తోడెట్టిదో, ఇచ్చటఁ గ్రూరమృగముల నడుమ నుండుటలోఁ గష్టమెట్టిదో చెప్పి, ఇల్లు విడిచి వచ్చిన చుట్టమును దీసికొనిపోవువానివలె బ్రతిమాలును. దేవుఁడు కదలఁడు. అప్పుడు తిన్నని దుఃఖము మోక్షము దొరకలేదని కాదు, దేవుఁడు పస్తున్నాఁడని. సంప్రదాయపు భక్తికవిత్వమున భక్తుఁ డార్తుఁడు, దేవుఁడు రక్షకుఁడు. ఇచ్చట దేవుఁడే దిక్కులేనివాఁడు, భక్తుఁడు రక్షకుఁడు. కథాంతమునఁ గన్నునుండి నెత్తురు గాఱినప్పుడు తిన్నఁడు వైద్యముచేయుట, కన్నుఁ బెఱికి యిచ్చుట, రెండవకంటి తావు గుర్తునకై కాలు మోపుట, ఇవి యన్నియు నా మొదటి పిలుపులోనే గర్భితములై యున్నవి. చుట్టముగా నెంచినవానికిఁ గన్నిచ్చుట త్యాగము గాదు, ఇంటిపని. ధూర్జటి కథను మార్చలేదు. కథకు మూలకారణమును గనుగొనెను.

అర్చకుని విషయమునను ధూర్జటి నిష్పక్షపాతి. ఆగమవిధిగాఁ బూజించు శివబ్రాహ్మణునిఁ బరిహసించుట మిక్కిలి సులభము. వెనుకటి కవులకును, మనకాలపు రచయితలకును గూడ నిది యిష్టమైన పని. ధూర్జటి యట్లు చేయలేదు. గుడిలో మాంసఖండములు చూచి యా బ్రాహ్మణుఁడు పొందిన దుఃఖము వేషము గాదు; అది నిజమైన భక్తుని దుఃఖము. శివుఁ డాతని నధిక్షేపింపక, చాటున నుండి చూడుమని చెప్పును. చదివిన భక్తునకుఁ జదువని భక్తునిఁ జూపుటకే యీ కథ నడచుచున్నది. ఆ చాటున నిలిచి చూచువాఁ డర్చకుఁడు మాత్రమే కాఁడు. ధూర్జటియు నచ్చటనే నిలిచియున్నాఁడు. మనమును నచ్చటనే నిలిచియున్నాము.

తిన్నని కథ యున్న గ్రంథమునందే నత్కీరుని కథయుఁ గలదు. విమర్శకు లీ రెండింటిని వేఱువేఱుగాఁ జదువుచున్నారు. కలిపి చదువవలసినవని నా మనవి. కఱవుచేఁ బీడింపఁబడిన యర్చకునకు శివుఁడు పద్యమొకటి వ్రాసియిచ్చి పాండ్యరాజసభకుఁ బంపును. సభలో నత్కీరుఁడు, స్త్రీల కురులకు సహజసౌరభము గలదనుట కవిసమయమునకు విరుద్ధమని తప్పుపట్టును. శివుఁడు స్వయముగా వచ్చి పార్వతి కురులకుఁ గలదనఁగా, ఆమెకుఁ జెల్లును గాని లోకమునఁ జెల్లదని పండితుఁడు వదలఁడు. దేవుఁడు తన రూపమును జూపినను తప్పు తప్పే యనును. కుష్ఠరోగముచే శప్తుఁడై, కైలాసదర్శనమున శాపవిముక్తి యని వినును. యాత్రలో భూతముచే బంధింపఁబడి, కుమారస్వామి ననుగ్రహింపఁజేసికొని, తుదకు శ్రీకాళహస్తియే దక్షిణకైలాసమని తెలిసికొని స్వస్థుఁ డగును. కథామూలము తమిళదేశపు సంగమైతిహ్యము.

దీనిని సామాన్యముగా గర్వభంగకథగాఁ జెప్పుదురు. గర్వమున్నమాట నిజము. కాని యొక్క యంశము చూడుఁడు: నత్కీరుని యాక్షేపణము తర్కముచే నెచ్చటను ఖండింపఁబడలేదు. శివుఁ డాతని శపించెను గాని జయింపలేదు. పరమభక్తుఁడని పేరొందిన కవి, తన యిష్టదైవము వ్రాసిన పద్యమున దోషమున్నదను పండితుని మాటను మెత్తపఱుపక, పూర్ణబలముతో నిలిపినాఁడు. భక్తి పేరిట విమర్శకుని మూర్ఖునిగాఁ జిత్రించుట కంతకంటెఁ దగిన తరుణము దొరకదు. అయినను ధూర్జటి యా సౌలభ్యమును గ్రహింపలేదు. దేవుఁడే వ్రాసినను తప్పు పద్యము తప్పు పద్యమే. అందుచేతనే, భక్తివిషయకమైన కృతికి భక్తిని ముందుపెట్టి లోపములను మన్నింపుమను మొదటి యలవాటును ధూర్జటియే త్రోసివేయుచున్నాఁడని నేననుచున్నాను.

ఇప్పుడు రెండు కథలను బ్రక్కప్రక్కన నుంచుఁడు. ఒకవైపు కవిత్వమర్మజ్ఞుఁడైన నత్కీరుఁడు: దేవుఁ డెదుట నిలిచినను పద్యమునే చూచినవాఁడు. వేఱొకవైపు తిన్నఁడు: అక్షరమెఱుఁగనివాఁడు, దేవుని తప్ప వేఱొండు చూడనివాఁడు. ధూర్జటి యెవ్వఁడు? పుట్టుకచేత, విద్యచేత, వృత్తిచేత నత్కీరుఁడు. కోరికచేతఁ దిన్నఁడు. కోరినంతమాత్రమున నాతఁడు తిన్నఁడు కాఁజాలఁడు. కావ్యము వ్రాయుటయే దానికి సాక్ష్యము. తిన్నఁడు పద్యములు వ్రాయలేదు. ఎఱుకువాని ముగ్ధమైన పిలుపును యతిప్రాసలు తప్పకుండఁ గూర్చుటలోనే, కవి తానా ముగ్ధతకు దూరముగా నున్నాననుట యొప్పుకొనుచున్నాఁడు. ఈ దూరమే శతకమున ఘోషగాను, మాహాత్మ్యమునఁ గథగాను మాఱినది. ఈ రీతిగాఁ జూచినచో శతకకర్తయు మాహాత్మ్యకర్తయు భోగియు విరాగియునైన యిద్దఱు వేర్వేఱు మనుష్యులు గారు. యౌవనవార్ధకములను గల్పించి యతుకవలసిన పనియు లేదు.

ఇచ్చట నొక యాక్షేపణము రావచ్చును. భక్తి లేశమును లేని కవియు, ప్రతిభచేత నిట్టి తిన్ననిఁ జిత్రింపఁగలఁడు గదా? నాటకకర్తకు హత్య చేసినవాని మనస్సు తెలియుటకుఁ దాను హత్య చేయవలసిన పనిలేదు. ఈ యాక్షేపణము బలమైనది. దీనికి నే నిచ్చు నుత్తర మిది. భక్తిలేని కవి తిన్ననిఁ జిత్రింపఁగలఁడు. కాని వానికి నత్కీరుఁ డవసరము లేదు. తన చదువు దేవునియెదుట నక్కఱకు వచ్చునా రాదా యను భయము, దేవుఁడున్నాఁడని నమ్మినవానికే కలుగును. నమ్మకము లేనివానికిఁ జదువు చదువే. దానిని దేవునికి లెక్కయొప్పగింపవలసిన పనిలేదు. రెండు కథలును, శతకపద్యమును ఒకే ప్రశ్నచుట్టుఁ దిరుగుటచేత, ఆ ప్రశ్న ధూర్జటికి నిజమైనదని యూహించుటకుఁ దావు కలదు. ఇది యూహయే. సిద్ధాంత మనను. కాని చాటువునకంటె నిది మేలైన యూహ. ఏలయనఁగా దీనిని గ్రంథముతోఁ బరీక్షింపవచ్చును, తప్పైనచో గ్రంథమే చూపి ఖండింపవచ్చును.

కావున నా నిర్ణయ మిది. కవి భక్తి కావ్యమునకుఁ బ్రేరకము కావచ్చును. కావ్యగుణమునకుఁ బ్రమాణము గాఁజాలదు. అయితే నమ్మిన కవికి నమ్మిక యొక వస్తువు నిచ్చుచున్నది. అది స్తోత్రము గాదు, స్తోత్ర మెవ్వఁడైనను వ్రాయఁగలఁడు. తప్పించుకొనుటకు వీలులేని ప్రశ్నను నమ్మిక కవి కిచ్చును. కళ యా ప్రశ్నను దాఁచక నిలిపినప్పుడు భక్తికావ్యము కావ్య మగును. ప్రశ్నను గప్పిపుచ్చి ప్రశంసగా మార్చినప్పుడు పద్యముల మూట యగును.

పాఠశాలలలో ధూర్జటి పద్యములను బోధించు పండితులకు నొక మనవి. రాజనిందాపద్యములను మాత్రమే యేర్చి, కవి రాజసేవచే విసిగెనని కథచెప్పి ముగింపకుఁడు. ఆ పద్యములతోఁబాటు సాలెపురుగు పద్యమును జెప్పుఁడు. దానితోఁ దిన్నని పిలుపును, నత్కీరుని మొండితనమును జేర్పుఁడు. చదువుకొన్నవాఁడు చదువుచేతనే చదువును బ్రశ్నించిన తీరు విద్యార్థులకుఁ దెలియఁజేయుఁడు. భక్తుఁడా కాఁడా యని వారడిగినచో, ఆ తీర్పు మన యధికారములోనిది గాదని చెప్పుఁడు. మన యధికారములోనిది పద్యము. అందుఁ దప్పున్నచో నత్కీరునివలెఁ దప్పనుటయే మనకు విహితము. తప్పు లేనిచోట నంజలి ఘటించుటయు విహితమే.